నా మెషీన్‌లో పనిచేస్తోంది!

మొన్న బాబాయి ఫోన్. "పార్కిన్సన్స్‌కి స్టెమ్ సెల్స్ ఎక్కిస్తారట, లక్షలవుతుందట. పొలం అమ్మేయనా రా?"

1992లో కెనడాలోని కాల్గరీలో రేనాల్డ్స్, వైస్ అనే ఇద్దరు, ఎదిగిన చుంచెలుక మెదడు కణాలకి ఈజీఎఫ్ అనే ప్రోటీన్ ఇచ్చి డిష్‌లో పెంచారు. అవి బంతుల్లా పెరిగాయి, వాటినుంచి న్యూరాన్లూ పుట్టాయి. అద్భుతమే, కాదనను. కానీ డిష్‌లో పెరగడం వేరు, మనిషి మెదడులో సరైన చోట కనెక్షన్ కుదరడం వేరు. మన భాషలో చెప్పాలంటే "నా మెషీన్‌లో పనిచేస్తోంది" అన్నట్టే! టెస్టింగ్ లేకుండా ప్రొడక్షన్‌లో పెడతామాండీ? రక్తాన్ని తయారుచేసే మూలకణాల మార్పిడి తప్ప మిగతావన్నీ క్లినికల్ ట్రయల్‌లోనే చెయ్యాలని ఐసీఎంఆర్ 2017లోనే చెప్పింది. మరి ఈ లక్షల బిల్లు దేనికి?

"వద్దు బాబాయ్" అన్నాను. కాసేపు మాట్లాడలేదాయన. ఆశ చంపేశానేమో అనిపించింది. పొలమైనా మిగిలింది.