చదరంగపు గింజల లెక్క

కొన్ని యేండ్ల క్రిందట ముదిగొండ ప్రాంతమున నొక పాఠశాల వార్షికోత్సవములో నొక బాలుఁడు పావులూరి మల్లన పేర ప్రసిద్ధమైన చదరంగ పద్యమును చదివి, అందలి సంఖ్యను నల్లబల్లపై వ్రాసెను. సభవారందఱును కరతాళధ్వనులు చేసిరి. నేనును చేసితిని. ఇంటికి వచ్చి, ఎత్తి వ్రాసికొన్న యంకెలను లెక్కింపఁగా 19 మాత్రమే యుండెను. ఉండవలసినవి 20. గణితము చెప్పువాఁడనై యుండియు సభలో నాకది తోఁపలేదు. దేవుఁడిచ్చిన జ్ఞాపకశక్తిని మెచ్చుకొనవలసినదే. కాని పద్యమును వల్లింపించుటతోనే తృప్తిపడుట తగదని నా యభిప్రాయము.

మల్లన మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథమును సుమారు 900 యేండ్ల క్రిందట తెనిఁగించినవాఁడు. చదరంగపు పలకలో మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూఁడవదానిలో నాలుగు, ఇట్లు రెట్టించుచు 64 గడులును నింపినచో మొత్తము 18446744073709551615 గింజలగును. పద్యమున నిది అంకెలతో గాక మాటలతో చెప్పఁబడినది. బాణమనఁగా 5, చంద్రుఁడనఁగా 1, వేదమనఁగా 4, ఆకాశమనఁగా 0. ఒకట్ల స్థానముతో మొదలిడి యెడమవైపునకు వ్రాసికొనుచు పోవలెను. ఈ సంఖ్యనే అల్ బిరూనీ సుమారు 1000వ సంవత్సరమున అరబ్బీలో వ్రాసెను. పడమటివారు రాకమునుపు మనకు లెక్కలు లేవనువారికిది చాలిన ప్రత్యుత్తరము. మిషను బడిలో పనిచేయువాఁడనైనను ఈ మాట చెప్పుటకు నాకు సంకోచము లేదు.

పద్యమున బాణమునకు రెండు పర్యాయపదములు ప్రక్కప్రక్కనే యున్నవి. బాలుఁడు వానిలో నొకటి విడిచెను. ఆ తప్పు పట్టుటకు పెద్ద విద్య యక్కఱలేదు. మొదటి రెండు గడుల గింజలు 3, తరువాతి రెండింటివి 12, ఆపై 48. ప్రతి జతయు 3 చేత భాగింపఁబడును గనుక మొత్తమును భాగింపఁబడును. సంఖ్యలోని యంకెలను కూడిన 87 వచ్చును, శేషము లేదు. ఒక 5 పోయినచో 82, శేషము మిగులును. ఒక వరుస యెనిమిది గడులకు 255 గింజలు, అది 3, 5, 17ల లబ్ధము. పై వరుసలన్నియు దానికి రెట్లే.

సగము పలక నిండునప్పటికి 4294967295 గింజలు. మొత్తము గింజలు ఆ సంఖ్యను 4294967297 చేత గుణించినంత. ఈ రెండవదానిని ఫెర్మా యను ఫ్రెంచి పండితుఁడు ప్రధాన సంఖ్య యని తలఁచెను. 1732లో ఆయిలర్ దానిని 641 చేత భాగించి చూపెను, భాగఫలము 6700417. అంతటివాఁడు చెప్పినదియు పరీక్షకు నిలువలేదు.

తలిదండ్రులు పద్యము నేర్పించుట మానవలదు. మా తరగతిలో మాత్రము పద్యము చదివినవారు నల్లబల్లకడ నిలిచి 17 చేత భాగించి చూపిన పిమ్మటనే కూర్చుందురు. మొన్న నొక బాలిక అట్లు చూపి, 7 చేత కూడ భాగింతునా యని యడిగెను. శేషము 1 వచ్చినది. ఎందుకని నేనడుగకమునుపే వెనుక బల్లనుండి యొక బాలుఁడు లేచి, మొదటి గడిలోని యొక్క గింజను ప్రక్కకు తీసి తక్కిన 63 గడులను మూఁడేసి చొప్పున కూడుఁడనెను. 14, 112, 896.