కుందేటి కాళ్లు మూడా, నాలుగా?

"తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు" అన్న సామెతను మొండిపట్టుకు ఉదాహరణగా ఎన్నో ఏళ్లు పిల్లలకు చెప్పాను. మన గోదావరి జిల్లాల్లో మాంసం కోసం కుందేళ్లు పెంచమని రైతులకు చెప్పే తీరు చూశాక ఆ సామెతకు మరో అర్థం తోచింది. ప్రచారపత్రాల్లో మేత, ఈత, ధర అనే మూడు కాళ్లనూ అందంగా చూపిస్తారు. నాలుగో కాలు, అనగా తినేవాడు, ఎక్కడా కనబడడు.

మొదట మాట సంగతి తేల్చుకుందాం. తెలుగులో పొలంలో పరుగెత్తేదీ కుందేలే, బోనులో పెరిగేదీ కుందేలే. నిజానికి ఇవి రెండు వేర్వేరు జాతులు. చందమామలో మనవారు చూసిన శశం, పంచతంత్రంలో సింహాన్ని బావిలోకి దూకించిన శశం మన నేల మీది చెవులపిల్లి. అది ఒంటినిండా బొచ్చుతో, తెరిచిన కళ్లతో పుడుతుంది. దాన్ని వేటాడటం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బోనులోని కుందేలు ఐరోపా నుంచి వచ్చిన అతిథి. బొచ్చు లేకుండా, కళ్లు మూసుకొని పుడుతుంది. న్యూజిలాండ్ వైట్, సోవియట్ చించిల్లా వంటి మాంసపు రకాలన్నీ దీని సంతతే. ఈ భేదం తెలియక కొందరు చట్టానికి జంకుతారు. మరికొందరు కథానాయకుణ్ణి కూర వండటమా అని నొచ్చుకుంటారు.

2025 ఫిబ్రవరిలో ఉభయగోదావరి జిల్లాల కోళ్లఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడి జనం కోడికూరకు వెనుకాడినప్పుడు, కుందేళ్లు పెంచితే పోలేదా అన్న మాట మళ్లీ నా చెవిన పడింది. మాటలో తప్పు లేదు. కుందేలు చూడి నెల రోజులే. ఈతకు ఆరేడు పిల్లలు. మూడు నెలలకు పిల్ల సుమారు రెండు కిలోలు తూగుతుంది, అందులో సగం మాంసం. పెరట్లో రెండు ఆడవీ ఒక మగదీ ఉండి, ఏడాదికి నాలుగేసి ఈతలు ఈని, చచ్చినవి పోను ముప్పై అయిదు పిల్లలు దక్కినా, ఏడాదిలో ముప్పై అయిదు ఆదివారాలకు కిలో మాంసం చొప్పున ఇల్లు గడుస్తుంది.

కానీ రైతుకు ఈ లెక్క ఎవరూ చెప్పరు. బోన్లూ జంటలూ కొనండి, పిల్లల్ని మేమే తిరిగి కొంటాం అంటారు. ఆ కొన్న పిల్లలు కూరకు పోవు, మరో రైతుకు జంటలుగా పోతాయి. కొత్త రైతు దొరికినంత కాలమే ఆ బేరం. 2012లో తమిళనాడు పెరుందురైలో సుశి ఈము ఫారమ్స్ కూలినప్పుడు బయటపడిన మర్మం ఇదే.

మా పక్క ఊరి కౌలురైతు ఒకడు భార్య మెడలోని గొలుసు కుదువపెట్టి ఇలాగే దిగాడు. సంస్థవారు రెండుసార్లు కొన్నారు. మూడోసారి ఫోను ఎత్తలేదు. అప్పటికి బోన్లలో అరవై కుందేళ్లు. "పోనీ మనమే వండుకుందామా" అన్నదట ఇల్లాలు. ఆ ఇంట్లో కోయడం తెలిసినవాడు లేడు, వండటం తెలిసినవారు లేరు. అడిగినవారికల్లా ఊరికే ఇచ్చేశారు. గొలుసు తిరిగి రాలేదు.

నా అభిప్రాయం ఇక్కడే. ఏ మాంసమైనా ముందు వంటింట్లో స్థిరపడాలి, తరవాతే అంగడికి పోవాలి. తణుకు, అనపర్తి ప్రాంతాల్లో కోళ్ల పరిశ్రమ రాకముందే ప్రతి పెరట్లో గంపకింద కోడి ఉంది, దాని పులుసు ఎలా కాయాలో ప్రతి ఇల్లాలికీ తెలుసు. మాల్టా ద్వీపవాసులకు కుందేటి కూర జాతీయ వంటకం. అక్కడివారికి దాన్ని ఎవరూ పెట్టుబడిగా పరిచయం చేయనక్కరలేదు.

మన వంటకు అది లొంగదా అంటే, లొంగుతుంది. కొవ్వు తక్కువ గనుక వేపుడు చేస్తే పీచుపీచుగా ఎండుతుంది. నూనె కాస్త ధారాళంగా పోసి, ఉల్లి, అల్లంవెల్లుల్లి, ధనియాలు, గసగసాలు వేసి, దాకలో సన్నని సెగ మీద ఇగరబెట్టాలి. కోనసీమవారు దించేముందు కొబ్బరిపాలు పోసుకుంటే మరీ మేలు.

పెంపకంలో కష్టాలూ ఉన్నాయి. కుందేలుకు చెమట పట్టదు, మన మే నెల దానికి ప్రాణాంతకం. ఆ ఎండకు మగవాటికి పొట్టు పుట్టించే శక్తీ తగ్గుతుంది. కొబ్బరితోట నీడ, తడిపిన గోనెపట్టాలు తప్పవు. వానాకాలపు చెమ్మకు గజ్జి, పిల్లలకు విరేచనాలు. అవిసాకు ఇష్టంగా తింటాయి గాని, మందు కొట్టిన వరిగట్ల మీది గడ్డి పెడితే చేజేతులా చంపుకోవడమే. రెండు మూడు కుందేళ్లయితే ఇంత శ్రద్ధ సాధ్యం. అప్పు తెచ్చి నూరు పెట్టినవాడికి దుస్సాధ్యం.

కనుక డ్వాక్రా సంఘాలకు గాని, కౌలురైతులకు గాని కుందేళ్ల కోసం అప్పు ఇప్పించదలచినవారు ముందు ఊరి నడుమ పొయ్యి పెట్టి వండి వడ్డించాలి. తిన్నవారు మళ్లీ అడిగితే అప్పుడు బోన్ల మాట ఎత్తవచ్చు. జంటలు అమ్మవచ్చినవాణ్ణి రైతు అడగవలసిన ప్రశ్న కూడా ఒక్కటే: "మీ ఇంట్లో ఇది ఎన్నిసార్లు వండారు?"