చిన్నమ్మ కంప్యూటర్‌లో తెరుచుకోని కవిత

పోయిన సంచికకి మన క్లబ్ ఈ-మ్యాగజైన్ పేజీ కొత్తగా చేసింది నేనే. నా లాప్‌టాప్‌లో చూశా, హాస్టల్‌లో నలుగురి ఫోన్లలో చూశా, సూపర్‌గా ఉంది. కోదాడ నుంచి మిర్యాలగూడలో ఉండే మా చిన్నమ్మకి లింక్ పంపా. అందులో నా కవిత కూడా ఉంది మరి. ఆమె ఒక రైస్ మిల్లు ఆఫీసులో లెక్కలు రాస్తది. పని లేనప్పుడు అక్కడి కంప్యూటర్‌లోనే తెరిచిందట. సాయంత్రం ఫోన్ చేసి, "ఏదో పట్టీ వచ్చి అడ్డం పడ్డది బిడ్డా. ఎక్కడ నొక్కినా పోలే. నాకే చూసుడు రాలేదేమో" అంది.

ఆ చివరి మాట దగ్గర నేను ఆగిపోయా. తప్పు చేసింది నేను, తనకి రాదేమో అనుకున్నది ఆమె.

శనివారం హుజూర్‌నగర్ మీదుగా బస్సెక్కి వెళ్ళి చూశా. అది విండోస్ 7 కంప్యూటర్, అందులో క్రోమ్ 109. అంతకు మించి దానికి ఎక్కదు, ఎందుకంటే 2023లో వచ్చిన క్రోమ్ 110 నుంచి విండోస్ 7కి సపోర్ట్ ఆపేశారు. నేనేమో సీఎస్ఎస్‌ని నెస్టింగ్‌తో రాశా, అంటే ఒక రూల్ కడుపులో ఇంకో రూల్. ఆ సదుపాయం క్రోమ్‌లోకి 112లో వచ్చింది. మెనూని పేజీ పైన నిలబెట్టే రూల్ బయట ఉంది, దాన్ని మూసి ఉంచే రూల్ లోపల ఉంది. పాత క్రోమ్ బయటిది చదివింది, లోపలిది వదిలేసింది. దాంతో మెనూ తెరుచుకుని కవితని కప్పేసింది. మొత్తం మూడు వెర్షన్ల తేడా!

ఇది చెప్తే ఫ్రెండ్స్ అన్నది ఒకటే: "ఇంకా విండోస్ 7 ఏంట్రా, మార్చుకోమను." అందులో సగం నిజం. విండోస్ 7కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2020 జనవరిలోనే ఆగిపోయాయి. అలాంటి కంప్యూటర్‌లో బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టొద్దని చిన్నమ్మకి నేనూ చెప్పా. కానీ ఆ కంప్యూటర్ కొనేది ఆమె కాదు, మిల్లు ఓనర్. బిల్లు ప్రింట్ అవుతున్నంత కాలం ఆయన దాన్ని మార్చడు. ఒక కవిత చదవడానికి ఆమె కొత్త కంప్యూటర్ కొనాలా?

సూర్యాపేటలో మా తాతయ్య దగ్గర జియోఫోన్ ఉంది. 2017లో వచ్చిన కీప్యాడ్ ఫోన్, స్క్రీన్ 240 పిక్సెళ్ళ వెడల్పు. అందులోని కాయ్ ఓఎస్ బ్రౌజర్ ఫైర్‌ఫాక్స్ 48 నాటి ఇంజిన్ మీద నడుస్తుంది. పేజీని గళ్ళుగా అమర్చే సీఎస్ఎస్ గ్రిడ్ ఫైర్‌ఫాక్స్‌లోకి వచ్చింది 52లో. అంటే నేను ముచ్చటపడి పెట్టిన మూడు కాలమ్స్ ఆ ఫోన్‌లో ఎప్పటికీ రావు. రాకపోతే ఏం? తాతయ్యకి కావాల్సింది కాలమ్స్ కాదుగా, కథ.

పాత బ్రౌజర్లకి వేరే ఫైల్ రాద్దాం అని ఒక సీనియర్ అన్నాడు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ రోజుల్లో అలాగే చేసేవాళ్ళు. నాకు అది నచ్చలేదు. ఆ ఫైల్‌ని తర్వాత ఎవరూ తెరవరు. కొత్త మార్పులన్నీ అసలు ఫైల్లోకే పోతాయి, రెండో సంచికకే అది పాడుబడ్డ ఇల్లవుతుంది.

నా అభిప్రాయంలో వేరే ఫైల్ అక్కర్లేదు, వరస మారిస్తే చాలు. మొదట ఏ షరతూ లేని రూల్స్: ఒకే కాలమ్, అక్షరాల సైజు, రంగులు, లైన్ల మధ్య దూరం. ఇంగ్లిష్‌కి సరిపోయే దూరం తెలుగుకి చాలదు, కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి కదా. నేను 1.7 పెట్టా. ఇంతవరకే చదివిన బ్రౌజర్‌కి కూడా మ్యాగజైన్ మొత్తం అందాలి. ఆ తర్వాత వెడల్పు స్క్రీన్లకి మీడియా క్వెరీలు, మిన్-విడ్త్‌తో. గ్రిడ్ లాంటి కొత్త సోకులు చివర్లో, 'సపోర్ట్స్' అనే షరతు లోపల. నీకు గ్రిడ్ వచ్చా అని బ్రౌజర్‌ని అడిగి, వస్తేనే వాడటం అన్నమాట. బ్రౌజర్ పేరు, వయసు అడగక్కర్లేదు.

ఇది ఎందుకు పని చేస్తుందంటే, సీఎస్ఎస్‌లో అర్థం కానిది వస్తే బ్రౌజర్ గొడవ చెయ్యదు, వదిలేసి ముందుకి పోతుంది. మిర్యాలగూడలో నన్ను ముంచిన గుణం అదే. వరస సరిగ్గా ఉంటే కాపాడేదీ అదే.

ఖర్చు లేదని చెప్పను. నెస్టింగ్ అంతా విప్పి రాయడానికి రెండు రాత్రులు పట్టింది. పాత బ్రౌజర్లలో పేజీ సాదాగా ఉంటుంది, అందంగా కాదు. కానీ చదవొచ్చు. "అందరి కోసం తెలుగు" అని పోస్టర్ వేసే క్లబ్ కనీసం అంత చెయ్యాలి. అందుకే నాదొక రిక్వెస్ట్: ప్రతి సంచిక విడుదలకి ముందు కోదాడలో ఒక నెట్ సెంటర్‌కి వెళ్దాం, ఒక పాత ఫోన్‌లో కూడా తెరిచి చూద్దాం. మహా అయితే గంట పని.

చిన్నమ్మకి మళ్ళీ లింక్ పంపా. ఈసారి తెరుచుకుంది. చదివి, "రెండో చరణం ఏం బాగాలేదు బిడ్డా" అంది. అది ఏ బ్రౌజర్‌లో చూసినా అంతే.