మనవాళ్ల మధ్యే మాట్లాడుకుంటే...

కొరింథు సంఘంలో కొందరు తమది పౌలు పక్షమన్నారు. కొందరు అపొల్లో పక్షమని, మరికొందరు కేఫా పక్షమని చెప్పుకున్నారు. ఇంకొందరైతే ఏకంగా క్రీస్తు పేరునే తమ వర్గానికి తగిలించుకున్నారు (1 కొరింథీ 1:12). విచిత్రమేమిటంటే, పౌలుకూ అపొల్లోకూ మధ్య గొడవే లేదు. కొరింథుకు వెళ్లమని అపొల్లోను బతిమాలింది పౌలే (16:12). నాయకుల మధ్య లేని గోడను అనుచరులు కట్టుకున్నారు.

ఈ గోడ ఎలా లేస్తుంది? మనస్తత్వ శాస్త్రవేత్తలు మొస్కొవిచి, జవల్లోని ఫ్రెంచి విద్యార్థులను చిన్న గుంపులుగా కూర్చోబెట్టి మాట్లాడించి, 1969లో ఆ ఫలితాలు ప్రకటించారు. తమ నేత డిగాల్ మీద వాళ్లకు ముందే ఉన్న ఇష్టం చర్చ తర్వాత ఇంకా పెరిగింది. అమెరికన్ల మీద ఉన్న విముఖతా పెరిగింది. ఒకే అభిప్రాయం గలవారు కూర్చుంటే ఒకవైపు వాదనలే వినిపిస్తాయి. పక్కవాడికన్నా ఒక మెట్టు ఎక్కువ నిష్ఠ చూపాలన్న తపనా తోడవుతుంది.

మన సంఘాల్లో జరిగేదీ ఇదే. బాప్తిస్మం గురించో, అన్యభాషల గురించో 'వాళ్లు పొరబడ్డారేమో' అని మొదలైన మాట, మనవాళ్లే కూర్చున్న నాలుగు కూటాలు గడిచేసరికి 'వాళ్లసలు విశ్వాసులేనా?' దాకా వస్తుంది. ఈలోగా వాళ్లు కొత్తగా చేసిన తప్పేమీ లేదు. మనం వాళ్లతో ఒక్కసారీ మాట్లాడలేదు. కాపరులమైన మేమూ ఇందుకు అతీతులం కాము. ప్రసంగంలో విసిరిన చురకకు 'ఆమేన్' గట్టిగా వినిపిస్తే, మరుసటి వారం ఇంకాస్త కారం కలిపాం. దాన్ని ఆత్మావేశమనుకున్నాం. నిజానికి అది మెప్పు రుచి.

దీని మూల్యం చిన్నది కాదు. 1529లో జర్మనీలోని మార్‌బర్గ్‌లో లూథర్, జ్వింగ్లీ వర్గాలు 15 అంశాల్లో 14 పూర్తిగా ఒప్పుకున్నాయి. ప్రభురాత్రి భోజనంలో క్రీస్తు శరీర రక్తాల సన్నిధి దగ్గర మాట తెగింది. ఐరోపాలో ఆ రెండు సంప్రదాయాల సంఘాలు అనేకం లోయెన్‌బర్గ్ ఒప్పందంతో ఒకే బల్లలో పాలుపొందడానికి అంగీకరించింది 1973లో. అంటే 444 ఏళ్ల తర్వాత!

సత్యం విషయంలో రాజీపడమని కాదు. సుంకరి మత్తయినీ, జెలోతే అనబడిన సీమోనునూ ప్రభువు ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. ఈ వారం మనతో ఏకీభవించని ఒక విశ్వాసి ఇంటికి వెళ్దాం. ఆయన నమ్మేదేమిటో ఆయన నోటనే విందాం. 'అవును, నేను చెప్పింది అదే' అని ఆయన ఒప్పుకునేలా ఆ మాటను తిరిగి చెప్పగలిగిన తర్వాతే మన జవాబు చెబుదాం.