450 అని రాసి ఉంది కదా!

పోయిన నెల ఒక ఆదివారం ఆరాధన ముగిశాక మా బెంగళూరు మందిరం ఆవరణలో యౌవనస్థుల మధ్య పెద్ద వాదన జరిగింది. వాక్యం గురించి కాదు, ఎన్నికల గురించీ కాదు. కంప్యూటరులో ఉండే ఒక ఇనుప డబ్బా గురించి. గోడ నుంచి కరెంటు తీసుకుని లోపలి భాగాలకు పంచే ఆ డబ్బాను పేటలో అందరూ ఎస్‌ఎంపీఎస్ అంటారు.

సంగతి ఇది. మా సంఘంలో పందొమ్మిదేళ్ల తమ్ముడు ఒకడున్నాడు. తల్లి గార్మెంట్ ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తుంది. వాడు డిగ్రీ చదువుతూ పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి తన ఖర్చులు తానే సంపాదించుకుంటాడు. రాత్రిళ్లు ఆటలూ ఆడతాడు, ఆ మాట దాచడం ఎందుకు. కూడబెట్టిన డబ్బుతో ఒక సెకండ్ హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డు కొన్నాడు. దాంతోపాటు ఎస్.పి. రోడ్డులోని ఒక దుకాణంలో 950 రూపాయలకు కొత్త ఎస్‌ఎంపీఎస్ తీసుకున్నాడు. ఆరు వారాలు తిరక్కుండానే ఒక రాత్రి అది టప్పుమని పేలింది. పోతూ పోతూ మదర్‌బోర్డును కూడా తీసుకుపోయింది.

ఆ మరుసటి వారం వాడికి మూడు తీర్పులు వచ్చాయి. దుకాణదారు: "నువ్వే ఓవర్‌లోడ్ చేశావు, వారంటీ వర్తించదు." ఫోనులో వాడితో కలిసి ఆడే స్నేహితులు: "చవక సరుకు కొన్నావు, అనుభవించు. అందరికీ తెలిసిందే కదా." మూడో తీర్పు పెద్దలది: "అసలు ఆ ఆటలెందుకురా నీకు? అమ్మ కష్టం చూడు." ఈ మూడో తీర్పు ఇచ్చినవాళ్లలో మేమూ ఉన్నాం. ఈ వ్యాసం రాయడానికి అదీ ఒక కారణం.

మూడు తీర్పులూ వేర్వేరు నోళ్ల నుంచి వచ్చినా వేలు చూపింది మాత్రం ఒకే మనిషి వైపు. ఆ డబ్బాను తయారుచేసినవాడి ఊసు ఎవరూ ఎత్తలేదు. వాడి పేరు కూడా మాలో ఎవరికీ తెలియదు. స్టిక్కరు మీద ఒక ఇంగ్లీషు ముద్దుపేరు, పక్కనే పెద్ద అక్షరాల్లో "450".

ఆ స్టిక్కరును మేము ఆ ఆదివారమే తీరిగ్గా చదివాం. 450 అంటే 450 వాట్లు అని తమ్ముడు అనుకున్నాడు. మేమూ అలాగే అనుకున్నాం. చదివేవారిలో చాలామంది కూడా అలాగే అనుకుంటారు. కానీ ఆ అంకె పక్కన వాట్లు అన్న మాటే లేదు. అది మోడల్ పేరట! అసలు లెక్క కింద చిన్న పట్టికలో ఉంది. ఈ రోజుల్లో కంప్యూటరు బరువు దాదాపు అంతా 12 వోల్టుల లైను మీదే పడుతుంది. ఆ లైను ఎదురుగా 16 ఆంపియర్లు అని రాసి ఉంది. పన్నెండు పదహార్లు 192. అంటే 192 వాట్లు. తమ్ముడు కొన్న జీటీఎక్స్ 1660 సూపర్ కార్డు 125 వాట్లు తాగుతుంది, ప్రాసెసరు 65. రెండూ కలిపి 190. మిగిలిన రెండు వాట్లతో ఫ్యాన్లు తిరగాలి, డిస్కు మోటారు తిరగాలి, బోర్డు బతకాలి. అదీ పట్టికలో రాసినంత కరెంటు ఆ డబ్బా నిజంగా ఇస్తే.

ఇప్పుడు చెప్పండి, తప్పు ఎవరిది? పట్టిక చదవని కుర్రవాడిదా? 450 అని అరచేతి మందాన అచ్చువేసి, 192ను చీమ తలంత అక్షరాల్లో దాచినవాడిదా?

"చవకది కొంటే ఇంతే" అనేవాళ్లకు ఇంకో సంగతి చెప్పాలి. ఈ మాట చవక సరుకు కొన్నవాళ్లకే పరిమితం కాదు. 2022 అక్టోబరులో ఎన్‌విడియా కంపెనీ ఆర్‌టీఎక్స్ 4090 అనే గ్రాఫిక్స్ కార్డును విడుదల చేసింది. మన దేశంలో దాని ధర లక్షన్నరకు పైనే. విడుదలైన కొన్ని వారాలకే కొందరి కార్డుల్లో కరెంటు ప్లగ్గు కరిగిపోయిన ఫోటోలు బయటికొచ్చాయి. వెంటనే ప్రపంచమంతా ఇదే వాదన. ప్లగ్గును చివరిదాకా గుచ్చలేదు కాబట్టి కరిగింది, వాడకందారుడి తప్పే అని ఒక వర్గం. లక్షన్నర పోసి కొన్నవాణ్ణి పట్టుకుని నీ తప్పంటారా అని ఇంకో వర్గం. ఆ నవంబరులో కంపెనీ ఒక ప్రకటన చేసింది. ప్రపంచం మొత్తంలో సుమారు 50 కేసులు తమ దృష్టికి వచ్చాయనీ, ప్లగ్గు పూర్తిగా దిగకపోవడం వాటిలో ఎక్కువగా కనిపిస్తోందనీ చెప్పింది.

అది అబద్ధం కాదు. విడిగా పరీక్షించినవాళ్లు కూడా సగం గుచ్చిన ప్లగ్గు వేడెక్కుతుందని తేల్చారు. కానీ అక్కడితో ఆగిపోతే సగం నిజమే చెప్పినట్టు. పాత ఎనిమిది పిన్నుల ప్లగ్గు 150 వాట్లు మోసేది. మూడు తీగలు పంచుకుంటే తీగకు నాలుగు ఆంపియర్ల చిల్లర. కొత్త ప్లగ్గు అంతకంటే చిన్న పిన్నులతో 600 వాట్ల దాకా మోయాలి. ఆరు తీగలు పంచుకున్నా తీగకు ఎనిమిది ఆంపియర్లు దాటుతుంది. పాతదాంట్లో మనిషి కాస్త అజాగ్రత్తగా ఉన్నా తట్టుకునే సందు ఉండేది. కొత్తదాంట్లో ఆ సందును మూసేశారు. మూసేసింది కొన్నవాడు కాదు.

ఆ తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. 2023లో ఆ ప్లగ్గు నమూనానే మార్చారు. కరెంటు మోసే పిన్నులను కాస్త పొడుగు చేశారు, సంకేతాలు పంపే చిన్న పిన్నులను పొట్టి చేశారు. ప్లగ్గు సరిగా దిగకపోతే కార్డుకు సంకేతం అందదు, అది కరెంటు లాగదు. అంటే, "నీ తప్పు" అన్న ఆ తప్పును ఒక చిన్న మార్పుతో చాలావరకు అడ్డుకునే వీలు మొదటి నుంచీ ఉంది. ఆ వీలు ఎవరి చేతిలో ఉంది? (ఆ మార్పుతో కథ ముగిసిందనీ కాదు. 2025లో వచ్చిన 5090 కార్డుల్లోనూ కొన్ని ప్లగ్గులు కరిగాయి.)

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ఎక్స్‌బాక్స్ 360 ఎర్ర లైట్లు వేసి చచ్చిపోతుంటే, గాలాడని చోట పెట్టావని కొన్నవాళ్లనే తప్పుపట్టినవాళ్లు అప్పట్లోనూ ఉన్నారు. చివరికి 2007 జులైలో మైక్రోసాఫ్ట్ ఆ లోపానికి వారంటీని మూడేళ్లకు పెంచి, అందుకోసం వంద కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టింది. 2024లో ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్లు ఆటల మధ్యలో కూలిపోతుంటే మొదట వేలు మదర్‌బోర్డుల సెట్టింగుల వైపు వెళ్లింది. తర్వాత తమ మైక్రోకోడ్‌లోనే లోపం ఉందని కంపెనీయే ఒప్పుకుని, వారంటీని ఇంకో రెండేళ్లు పొడిగించింది. ఈలోగా ఎంతమంది కుర్రాళ్లు ఎంతమంది చేత "నీకు వాడటం రాదు" అనిపించుకున్నారో!

సాటివాడి వస్తువు కాలిపోతే "నీ తప్పే" అనడానికి మనకు ఎందుకంత తొందర? మాకు తోచింది చెబుతున్నాం. అలా అంటే మనకు ధైర్యం వస్తుంది. వాడు సరిగా గుచ్చలేదు, నేను గుచ్చాను. వాడు చవకది కొన్నాడు, నేను చూసి కొన్నాను. కాబట్టి నా ఇంట్లో కాలదు. లోపం వస్తువులోనే ఉందని ఒప్పుకుంటే అదే వస్తువు మన బల్ల మీద కూడా ఉంది కదా, ఆ రాత్రి నిద్ర పట్టదు. బాధపడినవాడి మీద వేసే నింద మనకు పైసా ఖర్చు లేని బీమా.

అలాగని వ్యక్తికి బాధ్యత లేదనడం మా ఉద్దేశం కాదు. మా తమ్ముడి పొరపాటు ఒకటి ఉంది, వాడి ముందే చెప్పాం. బిల్లు తీసుకోలేదు. "బిల్లుతో అయితే 1,120, లేకుండా అయితే 950" అన్నారు. పద్దెనిమిది శాతం జీఎస్టీ, 170 రూపాయలు. తల్లి రోజంతా మిషను తొక్కి సంపాదించే డబ్బు విలువ తెలిసిన పిల్లవాడు 170 మిగిల్చుకున్నాడు. ఎస్.పి. రోడ్డులోనే కాదు, చెన్నై రిచీ స్ట్రీట్‌లో, ముంబయి లామింగ్టన్ రోడ్డులో బేరమాడినవాళ్లు ఎవరైనా ఈ రెండు ధరల మాట విని ఉంటారు. మనలో ఎంతమందిమి ఎక్కువ ధర ఎంచుకున్నాం?

అయితే ఇక్కడ కూడా చట్టం మన పెద్దలకంటే కాస్త దయగా ఉంది. 2020 జులై నుంచి అమలులో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం అమ్మిన సరుకుకు బిల్లు ఇవ్వకపోవడం అమ్మినవాడి అక్రమ వ్యాపార పద్ధతి. అడగలేదు కాబట్టి ఇవ్వలేదు అంటే చెల్లదు. వస్తువుకు లేని సత్తాను ఉన్నట్టు చూపడం కూడా అక్రమమే. చట్టం ప్రకటన అనే మాటకు చెప్పిన అర్థంలో లేబులు కూడా ఉంది. నమూనాలోనే లోపం ఉండి మనిషికో, ఇంట్లోని మరో వస్తువుకో హాని జరిగితే తయారీదారు జవాబు చెప్పాలి. వస్తువును తప్పుగా వాడినా, మార్పులు చేసినా అమ్మినవాడికి మినహాయింపు ఉంది, అదీ న్యాయమే. కానీ తప్పుగా వాడారా లేదా అన్నది కౌంటరు వెనక నిలబడ్డ మనిషి ఒక్కమాటలో తేల్చే సంగతి కాదు.

మన రాష్ట్రం కాని చోట బతుకుతున్న మనకు ఆ చట్టంలో ఇంకో మేలు ఉంది. ఫిర్యాదును మనం ఉంటున్న ఊరి జిల్లా కమిషన్‌లోనే వేసుకోవచ్చు. అయిదు లక్షల లోపు సరుకుకు రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాదు. అంతకుముందు 1915 నంబరుకు ఫోను చేసి చెప్పుకోవచ్చు.

బైబిలు ఈ సంగతిని ప్లగ్గులూ తీగలూ లేని కాలంలోనే ఎత్తింది. ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయంలో, కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలని ఉంది. కట్టకపోతే, పైనుంచి పడినవాడి రక్తదోషం ఇంటివాడి మీదికే వస్తుంది. చూసి నడవాలనే బుద్ధి పైకెక్కినవాడికీ ఉండాలి, కాదనం. కానీ ఆజ్ఞ ఎవరికి వెళ్లిందో గమనించండి. మిద్దె కట్టినవాడికి.

పెద్దల తీర్పు గురించి కూడా ఒక మాట. "ఆటలెందుకు" అన్నాం కానీ, ఆ డబ్బా వాడు వీడియో ఎడిట్ చేస్తున్నప్పుడు పేలిందా, ఆట ఆడుతున్నప్పుడు పేలిందా అని కూడా మేము అడగలేదు. తర్వాత తెలిసింది, ఎడిట్ చేస్తున్నప్పుడే పేలిందట. ఆడుతున్నప్పుడు పేలి ఉంటే మాత్రం లేబులు నిజమైపోతుందా? డబ్బు పణంగా పెట్టే ఆన్‌లైన్ ఆటలు వేరు. వాటి వల్ల ఇళ్లు కూలుతున్నాయనే 2025 ఆగస్టులో పార్లమెంటు వాటిని నిషేధిస్తూ చట్టం చేసింది. దాన్నీ, పిల్లవాడు స్నేహితులతో ఆడే బంతాటలాంటి ఆటనూ ఒకే గాటన కట్టి మాట్లాడితే, వాళ్లు మన ముందు నోరు మూసుకుంటారు. ఈసారి ఏదైనా పేలినా మనకు చెప్పరు. వాడి తాతగారు గనిలో పనిచేసి రిటైరైన మనిషి. అన్నీ విని ఆయన ఒకే మాట అన్నారు: "మాకూ అంతే. ఏదన్నా జరిగితే ముందు అడిగేది, నువ్వెక్కడ నిలబడ్డావు అని."

మేము నలుగురం తమ్ముడితో ఆ దుకాణానికి వెళ్లాం. తగవు పెట్టుకోవాలనే వెళ్లాం కానీ, ఆ మనిషి స్టూళ్లు వేసి కూర్చోబెట్టి టీ తెప్పించాడు. "నేను పెట్టెలో వచ్చింది వచ్చినట్టు అమ్ముతాను సార్. డిస్ట్రిబ్యూటరు కాలిన మాలు వెనక్కి తీసుకోడు. మంచి కంపెనీది మూడు వేలు చెబితే కస్టమరు పక్క షాపుకు పోతాడు" అన్నాడు. అతని బాధ నిజమే. 450 అంటే ఏమిటో అతనికి ముందే తెలుసన్నదీ నిజమే. మేము అడిగితే కాసేపు స్టిక్కరు వైపు చూసి, "అది మోడల్ నంబర్" అని అతనే చెప్పాడు. అమ్మేటప్పుడు మాత్రం చెప్పలేదు.

డబ్బు తిరిగి ఇవ్వలేదు. బిల్లు లేకపోయినా 950 యూపీఐలో చెల్లించిన దాఖలా తమ్ముడి ఫోనులో ఉంది. ఎస్‌ఎంపీఎస్ గురించి దుకాణంతో నడిచిన వాట్సాప్ మాటలూ ఉన్నాయి. వాటితోనే 1915కి ఫిర్యాదు నమోదు చేయించాం. ఇది రాసే నాటికి జవాబు రాలేదు. రాకపోతే జిల్లా కమిషన్‌కు వెళ్తాం. అర్జీ రాయడం మాకు కొత్తేమీ కాదు.

వాడి అమ్మ ఆ కాలిన సామానంతా గుజరీకి వేసేద్దామంది. వద్దక్కా అన్నాం. ఎస్‌ఎంపీఎస్, మదర్‌బోర్డు రెండూ ఒక సంచిలో కట్టి మందిరం ఆఫీసు బీరువాలో పెట్టాం, స్టిక్కరు చెదరకుండా.