జట్టు ఊరిదే: గుడియాత్తం, వేలూరు తెలుగువారి సంయుక్త సభ తీర్మానం

గుడియాత్తం, వేలూరు పట్టణాల తెలుగు కుటుంబాల పెద్దలు, ఫుట్‌బాల్ ఆడే యువతీ యువకులు కలిసి జరుపుకున్న ఈ సభ, రెండు ఊళ్లకూ కలిపి ఒక జట్టు పెట్టాలన్న ప్రతిపాదనను చర్చించింది. జట్టు పెట్టడం మీద ఎవరికీ అభ్యంతరం లేదు. అది ఎవరి పేరున ఉండాలన్న దగ్గరే మాట పెరిగింది. ఖర్చంతా తానే పెట్టుకుంటానని ఒక దాత ముందుకొచ్చారు. బదులుగా జట్టును తన వ్యాపారం పేరున రాసివ్వమన్నారు. ఆయనకు జవాబు చెప్పే ముందు, దక్షిణాఫ్రికాలో ఒక జట్టుకు పట్టిన గతిని ఈ సభ తన పుస్తకంలో నమోదు చేస్తున్నది.

1860 అక్టోబరులో మద్రాసు రేవు విడిచిన ట్రూరో ఓడ నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని నటాల్ రేవు డర్బన్ చేరింది. అది మొదలు 1911 దాకా ఒప్పంద కూలీలుగా నటాల్‌కు వెళ్లినవారు లక్షా 52 వేల మంది. వారిలో ఎక్కువమంది మద్రాసులో ఓడ ఎక్కినవాళ్లే. వాళ్లను పంపిన జిల్లాల్లో మన ఉత్తర ఆర్కాటు ముందు వరసలో ఉంది. వేలూరు, గుడియాత్తం, చిత్తూరు అప్పుడు ఒకే జిల్లా. చిత్తూరు విడిపోయింది కూడా ఆ వలస ఆగిన 1911లోనే. నాయుడు అన్న పేరు అక్కడ ‘నాయడూ’గా మారినా, చెరకు తోటల్లో ఒళ్లు హూనమైనా, వాళ్లు గుడి కట్టుకున్నారు, బడి పెట్టుకున్నారు, బంతి ఆడారు.

మానింగ్ రేంజర్స్ డర్బన్ భారతీయుల మధ్య 1928లో పుట్టిన జట్టు. వర్ణవివక్ష చట్టాలు మనుషులను రంగు చూసి పేటలుగా విడదీసినట్టే ఆటనూ విడదీశాయి. 1950 నాటి చట్టం కింద ఇళ్లు ఖాళీ చేయించిన భారతీయులను తీసుకెళ్లి పెట్టిన చాట్స్‌వర్త్ పేటే తరవాత ఈ జట్టుకు సొంత ఊరైంది. వివక్ష పోయాక, 1996లో దేశమంతటికీ అగ్రశ్రేణి పోటీగా ప్రీమియర్ సాకర్ లీగ్ మొదలైంది. సొవెటో నుంచి కైజర్ చీఫ్స్, ఓర్లాండో పైరేట్స్ వంటి హేమాహేమీలు ఉన్న ఆ లీగ్‌లో తొలి ఏడాదే, 1996–97లో, విజేత మానింగ్ రేంజర్స్! శిక్షకుడు గోర్డన్ ఇగెసుండ్. మరుసటి ఏడాది ఆఫ్రికా ఖండపు చాంపియన్స్ లీగ్‌లో గ్రూపు దశ దాకా వెళ్లింది.

అది తెలుగు జట్టు అని ఈ సభ చెప్పుకోదు. అన్ని రంగులవాళ్లూ కలిసి ఆడి గెలిచిన జట్టది. మన జట్టుకు ‘తెలుగు రేంజర్స్’ అని పేరు పెట్టాలన్న సవరణ అందుకే వీగిపోయింది. లేని చుట్టరికం కలుపుకుంటే ఉన్నదీ చెడుతుంది.

ఆ గెలుపు తరవాత పదేళ్లు తిరిగేసరికి మానింగ్ రేంజర్స్ కింది డివిజనుకు జారి, డబ్బు చిక్కుల్లో పడి, అమ్ముడుపోయింది. కొన్నవాళ్లు దాన్ని దాదాపు 1,600 కిలోమీటర్ల దూరాన ఉన్న కేప్‌టౌన్‌కు తరలించారు. పేరు ఒకసారి మారింది, మళ్లీ మారి ఇకాపా స్పోర్టింగ్ అయింది. చాట్స్‌వర్త్‌లో ఏళ్ల తరబడి కేకలు వేసినవారిని అడిగి చేసింది కాదు.

ఇది పరదేశపు కథే అనుకోవడానికి వీల్లేదు. 2018–19లో ఐ-లీగ్ గెలిచిన చెన్నై సిటీ 2021 తరవాత ఆ లీగ్‌లో లేదు. పుణె జట్టు స్థానంలో 2019లో వచ్చిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఇండియన్ సూపర్ లీగ్ కప్పు ఎత్తి, 2025లో ఢిల్లీకి తరలిపోయింది. శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్ తయారు చేసిన పోలీసు జట్టు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన నగరానికి ఈ గతి పట్టడం ఈ సభకు మింగుడుపడలేదు. జర్మనీలో మాత్రం సభ్యుల చేతిలో సగానికి పైన ఒక ఓటైనా ఉండాలన్నది నియమం. స్టాండ్లు నిండడానికి ఆ నియమం కూడా ఒక కారణమని మా అభిప్రాయం.

కాబట్టి తీర్మానించడమైనది ఏమనగా: జట్టు రెండు ఊళ్ల సభ్యులదే. పేరు, రంగులు, ఆడే ఊరు అమ్మకానికి లేవు. వాటిలో ఏది మార్చాలన్నా సర్వసభ్య సభలో నాలుగింట మూడు వంతుల ఓట్లు పడాలి. దాత సాయం కృతజ్ఞతతో స్వీకరిస్తాం, చొక్కా మీద ఆయన సంస్థ పేరు వేస్తాం, హక్కు మాత్రం ఇవ్వం. సభ్యత్వానికి భాష, కులం అడ్డు కావు. తమిళ మిత్రులు మొదటి రోజు నుంచే సభ్యులు. లెక్కలు ఏటా రెండు ఊళ్లలోనూ చదివి వినిపించాలి.

ఆడపిల్లల జట్టు మగపిల్లల జట్టుతోపాటే మొదలవ్వాలి, ‘తరవాత చూద్దాం’ అన్న మాట వద్దు. మదురై సేతు ఎఫ్‌సీ 2019లో దేశపు మహిళా లీగ్ గెలిచిన రాష్ట్రం మనది. వేలూరు నేతాజీ స్టేడియంలో వారానికి రెండు సాయంత్రాలు ఆడపిల్లలకు కేటాయించాలనీ, గుడియాత్తంలో ఒక బడి మైదానానికి దీపాలు వేయించాలనీ తమిళనాడు క్రీడాభివృద్ధి ప్రాధికార సంస్థను కోరుతున్నాం. గుడియాత్తం పిల్లలు సాధనకు ముప్పై కిలోమీటర్ల పైచిలుకు బస్సులో వేలూరు వెళ్లిరావడం కుదిరే పని కాదు.

1931లో డర్బన్‌లో ఏర్పడిన ఆంధ్ర మహాసభకు ఈ తీర్మానం నకలు పంపుతున్నాం. ఓడల జాబితాల్లో కూలీ పేరు, తండ్రి పేరు, ఊరు, తాలూకా రాసి ఉన్నాయి. మన తాలూకా వాళ్ల వివరాలు వెతికేందుకు వారి సాయం అడుగుతున్నాం. మీ ఇళ్లలో నటాల్ నుంచి వచ్చిన ఉత్తరమో, ఫోటోనో, మనియార్డరు చీటీనో ఉంటే పారేయకండి. తెచ్చి చూపించండి, నకలు తీసుకుని అసలు మీకే ఇస్తాం.