నల్లకారు మెరుగు

నలుపు ఏ గీతను దాచదు. తెల్లకారుమీద కంటికానని సన్నగీతలు నల్లకారుమీద ఎండ తగిలినంతనే సాలెగూటివలె బయటపడును. తెలుపు తానే వెలుతురును నలుదిక్కులకు చిమ్ముచుండుటచే గీతల తళుకు అందులో కలిసిపోవును. నలుపుమీద అది ఒంటరిగా నిలుచును. ఫోర్డు కంపెనీ 1914 మొదలు 1925 వరకు టి మోడలు కార్లను నలుపులోనే అమ్మినది చౌకకు, మన్నికకే కాని సొగసుకు కాదు. నేడు నలుపును కొనువాడు మెరుపునకే కొనును.

మెరుగు పెట్టుట యనగా క్రొత్త కాంతిని పూయుట యని పలువురు తలంతురు. నిజమున కది అరగదీయుట. నేటి కార్లకు రంగుమీద వెండ్రుక మందమునకు మించని పారదర్శకపు పూత యుండును. పాలిషులోని మెత్తని రజను ఆ పూతను గీతల లోతువరకు అరగదీసి చదును చేయును. తరిగినది తిరిగి రాదు. బ్రెజిల్ దేశపు కర్నౌబా చెట్టు ఆకులనుండి తీయు మైనము అట్లు కాదు. నీటిని జారవిడుచును, గీతలను కొంతకాలము కప్పును, మాన్పదు.

ఇంతకు ఆ గీతలు ఎట్లు పడినవి? ప్రతి ఉదయము దుమ్ముమీద పొడిగుడ్డ ఆడించుటచేతనే. బకెట్టెడు నీళ్లకు వెనుదీసి, చినిగిన గుడ్డ నొకదానిని చేతికిచ్చి, పిమ్మట కారు తుడుచువానినే గద్దించు యజమానులు ఏ వీధిలో లేరు? ఆ నింద అన్యాయము. పాలిషు డబ్బా కొనుటకు ముందు వానికి మెత్తని గుడ్డలు, రెండు బకెట్ల నీళ్లు ఇప్పింపవలెను: ఒకటి కడుగుటకు, ఒకటి గుడ్డ జాడించుటకు.